చిన్న ఆర్కిటెక్ట్ ఆఫీసుల్లో ‘పని నేర్పిస్తున్నాం’ అని జీతం తగ్గించడం న్యాయమేనా?

సీతమ్మధార స్కెచ్:
ఐదేళ్లు బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) చదివి వచ్చిన పిల్లలకి వైజాగ్ చిన్న ఆఫీసుల్లో చేతికొచ్చేది చూస్తే బాధేస్తోంది. అడిగితే మనమంతా ఒక కుటుంబం, పని నేర్పిస్తున్నాం కదా అంటారు. అర్ధరాత్రి దాకా త్రీడీ వ్యూలు మార్చడం కూడా నేర్చుకోవడమేనా? నా మాట ఒక్కటే, నేర్పడం వేరు, జీతం వేరు.

ఎంవీపీ డ్రాయింగ్ బోర్డు:
ఆఫీసు నడిపేవాళ్ల బాధ కూడా వినండి. మాది నలుగురి ఆఫీసు. వచ్చే క్లయింట్లలో ఎక్కువమంది అడిగేది "జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) అప్రూవల్‌కి ప్లాన్ గీసి ఎంతకిస్తారు" అనే. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ‘ఆర్కిటెక్ట్’ అనే పేరునే కాపాడుతుంది, పనిని కాదు. 2020లో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అంటే మన పని ఇంకెవరైనా చేయొచ్చు, సగం రేటుకి. ఇక ఫీజు ఎక్కడ పెరుగుతుంది? పైగా పెద్ద ఆఫీసుల్లో చేరినవాళ్లు ఏళ్ల తరబడి టాయిలెట్ డీటెయిల్సే గీస్తుంటారు, మా దగ్గర మొదటి నెలే సైటుకి వెళ్తారు.

రుషికొండ జూనియర్:
సైటు విషయం నిజమే అన్నా. మొన్న స్లాబ్ వేసే రోజు కమ్మీల కింద కంకరరాళ్లు పెట్టి ఎత్తారు, మేస్త్రీ ఎప్పుడూ ఇంతే అన్నాడు. మా మేడం కాంక్రీటు ఆపించేశారు. సముద్రం పక్కన బయటికున్న కాంక్రీటుకి ఐఎస్ 456 (కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణం) ప్రకారం 45 మిల్లీమీటర్ల కవర్, అంటే కమ్మీని కప్పే కాంక్రీటు మందం, ఉండాలని, లేకపోతే ఉప్పుగాలికి కమ్మీ తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుందని అక్కడే టేపు పెట్టి చూపించారు. ఆ మందం కోసం కమ్మీల కింద పెట్టే కవర్ బ్లాకులు వచ్చాకే పోశాం. కాలేజీలో ఇంత బాగా అర్థం కాలేదు. కానీ ఆ సైటుకి పెట్రోలు నాదే, ఆ నెల జీతం ఇరవయ్యో తారీఖున పడింది. రూము అద్దె అప్పటిదాకా ఆగదు కదా.

సీతమ్మధార స్కెచ్:
ఎంవీపీ గారూ, ఫీజు కష్టం ఒప్పుకుంటాను. కానీ క్లయింటు దగ్గర గట్టిగా అడగలేని డబ్బుని జూనియర్ జీతంలోంచి మిగుల్చుకోవడం ఏ రకంగా సరైనది? ఆ మేడం కాంక్రీటు ఆపించారు చూడండి, క్లయింటు డబ్బులివ్వాల్సింది అలాంటి పనికే. అప్రూవల్ డ్రాయింగుకి ఇంత, సైటు చూసుకోవడానికి ఇంత అని అగ్రిమెంటులో విడిగా రాయండి. హుద్‌హుద్ తుపానుకి భవనాల ముందుండే అద్దాల గోడలు ఎలా ఎగిరిపోయాయో చూసిన ఊరండీ ఇది, నచ్చజెప్తే వినేవాళ్లు ఉంటారు.

ఎంవీపీ డ్రాయింగ్ బోర్డు:
విడిగా రాస్తే సగం మంది వెళ్లిపోతారండి. అయినా పెట్రోలు, జీతం తారీఖు మాత్రం మా చేతుల్లో ఉన్నవే, అక్కడ మీతో వాదించను.