చెల్క పత్తి పూత మీదుంది, 12 రోజుల బెట్ట: ఉన్న బోరు నీళ్లు ఎట్లా సర్దాలి?

దేవరకొండ_చెల్క
దేవరకొండ వైపు నాలుగెకరాల ఎర్ర చెల్క (తేలిక నేల), రెండడుగుల కింద మొరం. పత్తికి 60 రోజులు. 12 రోజులుగా చినుకు లేదు, గూడ (పూమొగ్గ) రాలుతోంది. బోరు 200 లీటర్ల డ్రమ్మును 80 సెకన్లలో నింపుతోంది. రెండెకరాలకు డ్రిప్ ఉంది (లైన్ల మధ్య 4 అడుగులు, డ్రిప్పర్ల మధ్య 2 అడుగులు, గంటకు 4 లీటర్లవి). మిగతా రెండూ సాళ్ల పారకం. పక్క నల్లరేగడి చేను పచ్చగా నిలబడి ఉంది, నాది పొద్దున పదింటికే వడలుతోంది. ఎండలు ముదిరాయి కాబట్టి నీళ్లు పెంచాలా? నాలుగెకరాలకూ పంచాలా?

నీటిలెక్క
ముందు నేల సంగతి. చెల్క మీటరు లోతున 8–10 సెం.మీ. నీళ్లే పట్టి ఉంచుతుంది. మీకున్నది రెండడుగులు, అంటే దాదాపు 5 సెం.మీ. అందులో సగం అయిపోగానే మొక్క ఇబ్బంది పడుతుంది. పూత మీదున్న పత్తి బెట్ట రోజుల్లో రోజుకు 5–6 మి.మీ. తాగుతుంది కాబట్టి నాలుగైదు రోజులకే ఖాళీ. రేగడి మీటరుకు 18 సెం.మీ. దాకా పట్టి, అదే లెక్కన 15 రోజులు లాగుతుంది. అందుకే పక్క చేనును చూసి తడి వాయిదా వేయొద్దు.

ఎకరంలో 1 మి.మీ. అంటే 4,000 లీటర్ల పైచిలుకు. అంటే ఎకరానికి రోజుకు 20–24 వేల లీటర్లు. మీ బోరు గంటకు 9,000 పోస్తోంది. నాలుగెకరాలకు 9 నుంచి 11 గంటలు, సాళ్లలో ఇంకిపోయేది కలిపితే ఇంకా ఎక్కువ. చెల్క బోరు అన్ని గంటలు అదే ధారతో పోయడం అనుమానమే.

ఎండ మాటకొస్తే, ఒక డిగ్రీ పెరిగితే నీటి అవసరం సుమారు 2–3 శాతమే పెరుగుతుంది. అసలు దెబ్బ వానల మధ్య ఎడం పెరగడం: 15 రోజులు ఆగితే 75–90 మి.మీ. లోటు. తర్వాత ఒక్కరోజే 70 మి.మీ. కొడితే చెల్కలో చాలావరకు వరదై పోతుంది.

పాలమూరు_గుంటుక
డ్రిప్ దగ్గర ఒక లోపం కనిపిస్తోంది. 4×2 అడుగులంటే ఎకరానికి 5,400 పైగా డ్రిప్పర్లు, గంటకు దాదాపు 22 వేల లీటర్లు అడుగుతాయి. మీ బోరుది 9 వేలే. రెండెకరాలూ ఒకేసారి తెరిస్తే ప్రెషర్ పడిపోయి, లైను మొదట్లో బురద, చివర్లో దుమ్ము. గేట్‌వాల్వులతో ఐదు ముక్కలు చేయండి, ముక్కకు గంట చాలు. ఫిల్టరు కడగండి, లైన్ల కొసలు విప్పి ఒకసారి నీళ్లు వదలండి. మన వైపు బోరు నీళ్లకు సున్నం పేరుకోవడం మామూలే.

డ్రిప్ లేని రెండెకరాలకు సాలు విడిచి సాలు పారించండి, తర్వాతి తడికి వదిలిన సాళ్లు. వాన పడ్డాక గుంటుకకు తాడు చుట్టి రెండు వరుసలకో లోతు సాలు తీస్తే, తర్వాతి వాన అందులో ఆగుతుంది.

బెట్టలో యూరియా వేయొద్దు. తడి ఇచ్చాక సాయంత్రం పూట 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) లీటరుకు 10 గ్రాములు పిచికారీ చేయొచ్చు. వడలిన ఆకు మీద మధ్యాహ్నం కొడితే మాడుతుంది.

దేవరకొండ_చెల్క
వాల్వులు రెండే ఉన్నాయి, ఇంకో మూడు బిగించాలన్నమాట. ఉన్నట్టుండి పెద్ద వాన కొడితే?

నీటిలెక్క
అప్పుడు ఆకస్మిక వడలు చూసుకోవాలి. బెట్ట తర్వాత నీళ్లు నిలిస్తే, కాయ మోస్తున్న మొక్కలు గంటల్లోనే తల వాలుస్తాయి. ముందు నీళ్లు బయటికి తీయండి. వాలడం కనిపించిన కొద్ది గంటల్లోనే కోబాల్ట్ క్లోరైడ్ 100 లీటర్లకు 1 గ్రాము పిచికారీ చేస్తే కొన్ని తేరుకుంటాయి, మర్నాటికి ఫలితం తక్కువ. మొదళ్ల దగ్గర కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు పోయండి.

పాలమూరు_గుంటుక
ఇంకోటి. బోరుంది కదా అని డిసెంబర్ దాటాక తడులిచ్చి పంట సాగదీయొద్దు. కాయ తొలిచే గులాబీ పురుగును మీరే మేపినట్టు. వచ్చే ఏడు మాత్రం, జూన్ తొలకరికి ఆగమై గింజ పెట్టకండి: 60–75 మి.మీ. పడి నేల లోపలిదాకా తడిస్తేనే.