లండన్ హీత్రో నుంచి టోక్యో హనేదాకి అసలు ఎన్ని గంటలు పడుతుంది?

ప్రశ్న: నమస్కారమండీ. జనవరిలో మా అమ్మ లండన్ హీత్రో నుంచి టోక్యో హనేదాకి ఒక్కతే వెళ్తోంది, డైరెక్ట్ ఫ్లైటే. దూరం దాదాపు 9,600 కిలోమీటర్లు. విమానం గంటకు 900 పోతుంది కదా, ఆ లెక్కన పదకొండు గంటలు చాలు. టికెట్‌లో మాత్రం పొద్దున 10:00కి బయలుదేరి మర్నాడు పొద్దున 8:45కి దిగుతుందని ఉంది. అంటే 23 గంటలు గాల్లోనేనా? 12 గంటలకోసారి వేసుకునే మాత్ర ఉంది, అందుకే టెన్షన్.

జవాబు: కంగారు పడకండి. బయలుదేరే టైమ్ లండన్‌ది, దిగే టైమ్ టోక్యోది. జనవరిలో టోక్యో 9 గంటలు ముందుంటుంది, కాబట్టి 22 గంటల 45 నిమిషాల్లోంచి 9 తీసేయండి, 13 గంటల 45 నిమిషాలు వస్తుంది. ఇందులో గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా అంతా కలిసే ఉంటుంది. (వేసవిలో లండన్‌లో గడియారం గంట ముందుకు జరుపుతారు, జపాన్‌లో జరపరు, అప్పుడు తేడా 8 గంటలే.)

మీ 9,600 తప్పేం కాదు, కానీ అది గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే వచ్చే దూరం. ఆ దారం చాలావరకు రష్యా మీదుగా పోతుంది. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక బ్రిటన్, జపాన్ విమానాలు రష్యా మీదుగా ఎగరడం లేదు. అంతకుముందు 12 గంటల్లోపే చేరేవి, ఇప్పుడు దక్షిణం వైపుకి జరిగి మధ్య ఆసియా, చైనా మీదుగా చుట్టు తిరిగి వెళ్తున్నాయి. అందుకే దూరాన్ని వేగంతో భాగించి సమయం తేల్చుకోవద్దు, టికెట్‌లోని టైమ్‌నే నమ్మండి.

మాత్ర సంగతికొస్తే, అమ్మగారి చేతి గడియారాన్ని దిగేదాకా లండన్ టైమ్‌లోనే ఉంచమనండి. పొద్దున 8:00కి ఒకటి వేసుకుంటే రెండోది ఆ గడియారంలో రాత్రి 8:00కి. టోక్యోలో అప్పుడు తెల్లవారుజామున 5:00, విమానం ఇంకా దిగదు. కాబట్టి మందులు హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉండాలి, పెద్ద సూట్‌కేసులో పెట్టి ఇచ్చేస్తే మధ్యలో చేతికి రావు. అక్కడికెళ్లాక వేళలు ఎలా మార్చుకోవాలో మాత్రం బయలుదేరే ముందే డాక్టర్‌ని అడగండి, మందుని బట్టి అది మారుతుంది.

ప్రశ్న: చాలా థాంక్సండీ, ఇప్పుడు అర్థమైంది. మరి తిరుగు టికెట్‌లో టోక్యోలో పొద్దున 11:00, లండన్‌లో అదే రోజు సాయంత్రం 4:30 అని ఉంది, ఇదేంటి?

జవాబు: ఈసారి 9 కలపాలి. ఐదున్నరకి తొమ్మిది కలిపితే పద్నాలుగున్నర గంటలు. వెళ్లేటప్పటికంటే ఎక్కువేంటి అనుకోకండి. విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకి బలమైన గాలులు వీస్తాయి, చలికాలంలో జపాన్ మీద మరీ ఎక్కువ. వెళ్లేటప్పుడు వెనక నుంచి నెట్టే ఆ గాలికి వచ్చేటప్పుడు ఎదురెళ్లాలి. అందుకే టోక్యో నుంచి చాలా విమానాలు తూర్పుకే బయలుదేరి, అలాస్కా, గ్రీన్‌లాండ్ మీదుగా పైనుంచి చుట్టి లండన్ వస్తాయి. మాత్ర ఈసారీ దారిలోనే వేసుకోవాలి: టోక్యోలో పొద్దున 8:00కి వేసుకుంటే రెండోదానికి లండన్‌లో పొద్దున 11:00 అవుతుంది, దిగడానికి ఇంకా ఐదున్నర గంటలుంటుంది.