బాఖ్ వాయిస్తూ, నేర్పుతూ బతకాలంటే హార్ప్సికార్డ్‌కి మారాలా, పియానో మీదే ఉండాలా?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. ఇది మా అక్క కూతురి సంగతి, ఇంట్లో రోజూ ఇదే గొడవ, అందుకే ఇక్కడ అడుగుతున్నా. పిల్ల పుట్టి పెరిగింది న్యూజెర్సీలో, పియానోలో బ్యాచిలర్స్ అయిపోవచ్చింది. మొదట్నుంచీ దానికి బాఖ్, స్కార్లట్టి, కూపరిన్ లాంటి మూడొందల ఏళ్ళ కిందటి స్వరకర్తలంటేనే ప్రాణం, షోపాన్ ఇచ్చి కూర్చోబెట్టినా రెండ్రోజుల్లో మళ్ళీ బాఖ్ ఫ్యూగ్ (ఒకే పాట ఒక్కో గొంతులో వరసగా మొదలయ్యే రచన) దగ్గరికే వచ్చేస్తుంది. ఇప్పుడు పియానో మాస్టర్స్ వద్దు, యూరప్ వెళ్ళి హార్ప్సికార్డ్ (పియానో కంటే ముందునాటి, తీగల్ని మీటే కీబోర్డ్ వాద్యం) చేస్తా అంటోంది, బాజెల్, హేగ్, ఆమ్‌స్టర్‌డామ్ పేర్లు చెప్తోంది. మా అక్కా బావా ససేమిరా అంటున్నారు. పియానో అయితే ఎక్కడున్నా పదిమంది పిల్లలకి పాఠాలు చెప్పుకుని బతకొచ్చు, హార్ప్సికార్డ్ ఎవరింట్లో ఉందని నేర్పిస్తావు అని వాళ్ళ వాదన. పిల్లేమో బాఖ్ రాసింది ఆ వాద్యానికైతే నేనెందుకు వేరేదాని మీద సర్దుకోవాలి అంటుంది. ఈ రంగంలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి. కచేరీలా, పాఠాలా, అసలు డబ్బులు ఎక్కణ్ణుంచి వస్తాయి?

తంత్రీనాదం:

నేనైతే పియానో వదలొద్దనే చెప్తానండీ. బాఖ్ మీద కెరీర్ కట్టుకున్నవాళ్ళలో జనం నోట్లో నానే పేర్లు చూడండి, గ్లెన్ గూల్డ్, రోజలిన్ ట్యూరెక్, ఆండ్రాష్ షిఫ్, ఏంజెలా హ్యూయిట్, అందరూ పియానో వాళ్ళే. గూల్డ్ 1955లో బాఖ్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ రికార్డ్ చేశాకే మామూలు శ్రోతకి ఆ కృతి ఒకటుందని తెలిసింది. తత్యానా నికొలాయెవా 1950లో లైప్‌జిగ్ బాఖ్ పోటీ గెలిచింది, తర్వాత దశాబ్దాలు మాస్కో కన్జర్వేటరీలో పాఠం చెప్పింది, లుగాన్‌స్కీ లాంటి వాళ్ళు ఆవిడ దగ్గర తయారయ్యారు. అంటే బాఖ్ కోసమే బతికి, నేర్పి, పేరూ తెచ్చుకోవడానికి పియానో ఎక్కడా అడ్డం రాలేదు.

ఇక బాఖ్ పియానోకి రాయలేదు అనే మాట. ఆయన జిల్బర్‌మన్ అనే వాద్యాల తయారీదారు చేసిన పియానోలు చూశాడు, 1747లో పాట్స్‌డామ్‌లో ఫ్రెడరిక్ రాజు ముందు వాయించాడు, 1749లో ఒక పియానో అమ్మకానికి మధ్యవర్తిగా సంతకం పెట్టిన రసీదు కూడా ఉంది. ఆయన ప్రెల్యూడ్లు, ఫ్యూగులున్న వెల్-టెంపర్డ్ పుస్తకం మీద రాసింది క్లావియర్ అని, అంటే మీట్లున్న ఏ వాద్యమైనా అనే. గురువు నెఫె దగ్గర చిన్నప్పుడే దాన్ని వాయిస్తూ పెరిగినవాడు బీతోవెన్.

ఇప్పుడు అసలు సంగతి. రెండు వేలమంది పట్టే హాల్లో హార్ప్సికార్డ్ వెనక వరసల దాకా వినపడదు కాబట్టి పెద్ద హాళ్ళవాళ్ళు సోలో రిసైటల్‌కి పిలవరు. కన్జర్వేటరీలో పియానోకి ఎంతోమంది టీచర్లుంటే హార్ప్సికార్డ్‌కి ఒకరో ఇద్దరో, ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు రిటైరయ్యే దాకా లేవరు. కొత్త వాద్యం చేయించుకోవాలంటే పదుల వేల యూరోలు. మీ అక్క భయపడ్డంలో తప్పేం లేదు.

హేగ్‌నుంచి:

గోదారిగట్టు గారూ, నేను ఇక్కడ నెదర్లాండ్స్‌లో ఇదే పని చేసుకుని బతుకుతున్నా, పియానో నుంచే వచ్చా. డబ్బులు ఎక్కణ్ణుంచి వస్తాయన్నారు కదా, దాంతోనే మొదలెడతా, ఎందుకంటే తంత్రీనాదం గారు చెప్పిందంతా సోలో రిసైటల్ గురించే. హార్ప్సికార్డ్ వాళ్ళ బతుకులో అది చాలా చిన్న ముక్క.

మాకు కూడు పెట్టేది కంటిన్యూవో. మన కచేరీలో పక్కవాద్యం ఎలాగో అలాగ, బరోక్ సంగీతంలో, అంటే బాఖ్ కాలం సంగీతంలో, ఏ గొంతుకైనా, ఏ వయొలిన్‌కైనా, ఆర్కెస్ట్రాకైనా కింద ఒక బేస్ లైన్, దాని మీద అప్పటికప్పుడు కట్టే స్వర సమూహాలు ఉండాలి. ముందు పెట్టుకున్న కాగితం మీద ఎడమచేతి స్వరాలొక్కటే ఉంటాయి, వాటి దగ్గర 6, 7, 4-2 అని చిన్న అంకెలు, అంతే. కుడిచెయ్యి ఏం వాయించాలో ఎవరూ రాసివ్వరు. పాడేవాళ్ళు ఊపిరి తీసుకునే చోటు కనిపెట్టాలి, మాట్లాడినట్టు పాడే రెసిటటీవ్‌లో మాట ఎక్కడ విరుగుతుందో చూసి అక్కడ తీగ మీటాలి. దీన్ని బాగా చేసేవాళ్ళకి ఇక్కడ ఈస్టర్ ముందు ఊపిరాడదు, ఊరూరా ఏసు శిలువ కథని పాడే బాఖ్ మాథ్యూ పాషనే, నార్డెన్ చర్చిలో అయితే నెదర్లాండ్స్ బాఖ్ సొసైటీ వాళ్ళు 1922లో మొదలెట్టిన ఆనవాయితీ. ఆ రోజుల్లో హార్ప్సికార్డుతో పాటు చిన్న పెట్టె ఆర్గన్ కూడా వాయించగలిగితే ఇంకా మంచిది, నిజానికి పాషన్లలో పిలుపులు ఎక్కువ దానికే.

రెండోది ట్యూనింగ్. పియానో వాళ్ళు హాల్లోకి నడిచొచ్చి కూర్చుంటారు, మేం గంటన్నర ముందే వెళ్ళి తీగలు బిగించే తాళంచెవి చేత్తో పట్టుకుని మొదలెట్టాలి. చాలాసార్లు ‘ఎ’ స్వరాన్ని 415 హెర్ట్జ్‌కి, అంటే ఇప్పటి శ్రుతి కంటే అర స్వరం కిందకి దించి, వల్లొట్టి అనే శ్రుతి పద్ధతిలో ఎఫ్ నుంచి బి దాకా ఉన్న ఆరు ఫిఫ్త్‌లని, అంటే మన స-ప లాంటి దూరాలని, కొంచెం కొంచెం ఇరుకు చేసి, మిగతా ఆరూ స్వచ్ఛంగా వదిలేసి. హాల్లో దీపాలు వెలిగి జనం నిండేసరికి గాలిలో తేమ మారుతుంది, ఇంటర్వెల్లో అందరూ కాఫీకి వెళ్తే మనం మళ్ళీ తాళంచెవి పట్టుకుని కూర్చుంటాం. ఇది వచ్చినవాళ్ళకి వేరేవాళ్ళ కచేరీలకి ట్యూన్ చెయ్యడం, తన వాద్యాన్ని వ్యాన్‌లో వేసుకెళ్ళి అద్దెకివ్వడం కూడా ఆదాయమే. మా క్లాసులో బ్రహ్మాండంగా వాయించేవాళ్ళు కొందరు ఈ పని తమ స్థాయి కాదనుకున్నారు, వాళ్ళని మళ్ళీ పిలిచినవాళ్ళు తక్కువ.

మూడోది పాఠాలు. దీన్ని గతిలేక చేసే పనిలా మాట్లాడ్డం నాకు నచ్చదు. అసలు ఈ సంగీతంలో సగం పాఠాల కోసం పుట్టిందే. ఇన్వెన్షన్లు, అంటే రెండు చేతులకీ సమానంగా పాటుండే చిన్న కృతులు, బాఖ్ మొదట రాసింది పెద్దకొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమన్‌కి 1720లో మొదలెట్టిన పుస్తకంలో, ఆ పుస్తకం మొదట్లోనే గమకాలు ఎలా పలకాలో పట్టీ రాసిచ్చాడు. 1722 వెల్-టెంపర్డ్ మొదటి పేజీలోనే నేర్చుకునే కుర్రకారు కోసం అని ఉంది. స్కార్లట్టి పోర్చుగల్‌లో రాకుమారి మరియా బార్బరాకి గురువుగా ఉండి, ఆవిడ పెళ్ళయ్యి వెళ్తే 1729లో తనూ స్పెయిన్ వెళ్ళాడు, 1738లో అచ్చేసిన ముప్ఫై సొనాటాలకి ఎస్సెర్చీజీ, అంటే అభ్యాసాలు అని పేరు పెట్టుకున్నాడు. కూపరిన్ 1716లో వేసింది వాయించే పద్ధతి చెప్పే పుస్తకం. లైప్‌జిగ్‌లో బాఖ్ జీతం చాలక 1730లో స్నేహితుడు ఎర్ట్‌మన్‌కి ఉత్తరం రాశాడు, ఏడాదికి ఏడొందల థాలర్ల (అప్పటి జర్మన్ నాణేలు) దాకా వస్తాయి, ఊళ్ళో చావులు తగ్గితే ఆ రాబడీ తగ్గుతుంది అని. అంతటివాడికే చర్చి, పాఠాలు, అంత్యక్రియల రుసుం, అన్నీ కలిస్తేనే ఇల్లు గడిచింది.

మా కాలంలోనూ అంతే. గుస్తాఫ్ లియోన్‌హార్ట్ ఆమ్‌స్టర్‌డామ్‌లో చర్చి ఆర్గన్ వాయిస్తూ, కన్జర్వేటరీలో నేర్పుతూ, కచేరీలు చేస్తూ 2011 డిసెంబర్ దాకా వేదిక మీదున్నాడు, ఆయన దగ్గర నేర్చుకున్న కోప్మన్, హాగ్‌వుడ్ సొంత ఆర్కెస్ట్రాలు పెట్టుకున్నారు. యేల్‌లో రాల్ఫ్ కర్క్‌పాట్రిక్ 1940 నుంచి పాఠం చెప్తూనే స్కార్లట్టి సొనాటాలకి ఇవాళ అందరం వాడే కె అంకెలు పెట్టాడు, ఆయన శిష్యుడు విలియం క్రిస్టీ ఫ్రాన్స్ వెళ్ళి 1979లో లెజార్ ఫ్లోరిసాన్ అనే బరోక్ బృందం మొదలెట్టాడు. వీళ్ళలో ఎవరూ వట్టి సోలోయిస్టులు కారు, గురువు, పక్కవాద్యం, ఆర్కెస్ట్రా నడిపేవాడు అన్నీ ఒక్క మనిషే. మీ పిల్లకి ఆ జీవితం ఇష్టమేనా అన్నది అడగండి, ఏ వాద్యం అన్నది దాని తర్వాత.

తంత్రీనాదం:

మీరు చెప్పింది బాగుంది గానీ, లియోన్‌హార్ట్, కోప్మన్, క్రిస్టీ అందరూ రంగం కొత్తగా కడుతున్న రోజుల్లో వచ్చినవాళ్ళు. ఆర్కెస్ట్రా పెట్టాలంటే అప్పుడు ఖాళీ ఉంది, రికార్డ్ కంపెనీలు డబ్బు పెట్టాయి. హాగ్‌వుడ్ 1973, పినాక్ 1972, కోప్మన్ 1979, వాళ్ళు ఆర్కెస్ట్రాలు పెట్టిన తేదీలు చూడండి. ఇప్పుడు ఏటేటా ప్రతి కన్జర్వేటరీ నుంచీ కొత్తవాళ్ళు బయటికొస్తున్నారు, పాషన్ సీజన్ మాత్రం అదే. ఈస్టర్ అయిపోయాక మిగతా నెలల సంగతేంటి? పైగా అమెరికన్ పాస్‌పోర్ట్ పిల్ల, చదువయ్యాక అక్కడ ఉండాలంటే ఫ్రీలాన్స్ ఆదాయం చూపించుకోవాలి. తిరిగి న్యూజెర్సీ వస్తే అక్కడ ఆ వాద్యానికి పని ఇంకా తక్కువ. పియానో మాస్టర్స్ చేసి బాఖ్ మీదే మనసు పెడితే ఈ బాధలేవీ ఉండవు కదా అని నేననేది.

మల్కాజిగిరి టీచరమ్మ:

నేను పియానో పాఠాలు చెప్తా, ట్రినిటీ, ఏబీఆర్ఎస్ఎం గ్రేడ్ పరీక్షలకి పిల్లల్ని పంపిస్తా. కచేరీల సంగతి నాకెరక లేదు గానీ పాఠాల గురించి చెప్తా, ఎందుకంటే ఇక్కడ అందరూ హార్ప్సికార్డ్ నేర్చుకుంటే పియానో పాఠాలకి పనికిరాదన్నట్టు మాట్లాడుతున్నరు.

మా దగ్గర పిల్లలందరికీ ఇంట్ల డిజిటల్ పియానోలే. సి మేజర్ ఇన్వెన్షన్ ఇస్తే ప్రతివాడూ కుడిచెయ్యి గట్టిగా, ఎడమచెయ్యి మెల్లగా వాయిస్తడు, కుడిదే పాట, ఎడమది తోడు అనుకుంటడు. ఎంత చెప్పినా పోదు. ఒకసారి ఆ పియానోలనే ఉన్న హార్ప్సికార్డ్ సౌండ్ బటన్ నొక్కించిన. అందుల గట్టిగా కొట్టినా మెల్లగా కొట్టినా ఒకటే శబ్దం. అప్పుడు పిల్లగానికి మొదటి బార్లనే ఎడమచేతిల అదే పాట మళ్ళీ మొదలైతున్నట్టు వినబడ్డది, ఇది గూడ పాటేనా మేడమ్ అన్నడు. ఇగ బరువు చూపించాలంటే ఏం చెయ్యాలె, ముందు స్వరం జర తొందరగా వదలాలె, ముఖ్యమైన స్వరం పట్టుకొని ఉంచాలె. వేళ్ళు వదలడం నేర్చుకున్నరు. మళ్ళీ పియానో సౌండ్‌కి మార్చినంక గూడ ఆ తేడా వాళ్ళ చేతిల ఉన్నది.

నేను బటన్‌తోని చేసింది ఆ అమ్మాయి అసలు వాద్యం మీద రెండేండ్లు చేస్తది. ఆ చెవి, ఆ చేతులు పెట్టుకొని ఏ ఊర్ల పియానో పాఠం చెప్పినా ఆమె దగ్గరికి పిల్లలు రాకుంట పోరు. అక్కగారికి ఈ ముక్క చెప్పండి.

హేగ్‌నుంచి:

టీచరమ్మ గారూ, మీరు చెప్పింది మా క్లాసులో మొదటి నెలంతా చేసే పని. మీట నొక్కితే లోపల జాక్ అనే చెక్కముక్క లేచి, దానికున్న చిన్న ములుకు తీగని మీటుతుంది, వదిలితే కిందకి దిగి గుడ్డముక్క తీగని ఆపేస్తుంది. ఎంత బరువు వేసినా మీటు పెద్దగా మారదు, అందుకే ఎప్పుడు మీటాలి, ఎప్పుడు వదలాలి అన్న రెండే మన చేతిలో ఉంటాయి. పియానో నుంచి వచ్చినవాళ్ళు భుజం బరువంతా వేసి నాలుగు స్వరాలూ ఒకేసారి కొడితే చెక్క చప్పుడు చేస్తుంది, వాటినే కింద నుంచి పైకి కొంచెం విడదీసి పలికిస్తే హాలంతా నిండుతుంది. గోల్డ్‌బర్గ్‌లో రెండు మీటవరసలకని బాఖ్ తనే రాసిన వేరియేషన్లున్నాయి, వాటిని ఒకే వరస మీద వాయిస్తే చేతులు ఒకదాని మీద ఒకటి పడతాయి. హ్యూయిట్ గారు ఎంత బాగా వాయించినా ఆ ఇరుకు ఇరుకే.

తంత్రీనాదం గారూ, ఈస్టర్ తర్వాత నెలలు పలచగానే ఉంటాయి, కాదనను. సీట్లు నిండిన మాటా నిజమే. కానీ పియానోలో సీట్లు ఖాళీగా ఉన్నాయా? అక్కడ పోటీ పదింతలు, పైగా ఒక పియానో వాళ్ళు రాకపోతే కచేరీ ఆగిపోయే సందర్భాలు తక్కువ, కంటిన్యూవో వాళ్ళు రాకపోతే రిహార్సలే మొదలవ్వదు. ఇంకోటి, రంగం ముందే సిద్ధంగా ఉండటం ఎప్పుడూ లేదు. వాండా లాండోవ్‌స్కా 1913లో బెర్లిన్‌లో హార్ప్సికార్డ్ క్లాస్ మొదలెట్టేనాటికి ఆవిడ వాయించే వాద్యాన్ని పియానోలు చేసే ప్లెయెల్ కంపెనీ చేత చేయించుకోవాల్సొచ్చింది. చెక్ హార్ప్సికార్డిస్ట్ జుజానా రుజిచ్‌కోవా ఆష్విట్జ్, బెర్గెన్-బెల్సెన్ నాజీ క్యాంపుల నుంచి బతికి బయటపడి, కమ్యూనిస్ట్ పార్టీలో చేరనన్నందుకు ప్రాగ్‌లో దశాబ్దాలు ప్రొఫెసర్ పదవి రాకపోయినా నేర్పుతూనే ఉంది, బాఖ్ కీబోర్డ్ కృతులన్నీ రికార్డ్ చేసింది, చివరి రోజుల్లో ఇవాళ్టి హార్ప్సికార్డిస్ట్ మహాన్ ఇస్ఫహానీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు. 

వీసా సంగతిలో మాత్రం మీతో ఏకీభవిస్తా. అందుకే గోదారిగట్టు గారూ, స్కూల్ పేరు చూసి పంపకండి. కంటిన్యూవో తప్పనిసరా, ఆర్గన్ మీద కూర్చోనిస్తారా, ట్యూనింగ్ నేర్పుతారా, చిన్నపిల్లలకి పాఠం చెప్పే సాధన కోర్సులో ఉందా, ఈ నాలుగూ ఉత్తరం రాసి అడగమనండి. పియానో పాఠాలు ఆపొద్దు, నేనూ వారంలో రెండ్రోజులు పియానోనే నేర్పుతా, అద్దె దాంతోనే కడతా.

గోదారిగట్టు:

చాలా థాంక్సండీ, మూడు వైపులా విన్నాక కొంచెం తెరిపి వచ్చింది. ఆడిషన్‌కి ఇంకా టైముంది. ఇప్పటిదాకా అది అసలు హార్ప్సికార్డ్ మీద కూర్చుంది కాలేజీలో అప్పుడప్పుడూ మాత్రమే. ఈలోగా ఇంట్లో పియానో మీదే ఏం చెయ్యమంటారు?

హేగ్‌నుంచి:

కొరెల్లి ఓపస్ 5 వయొలిన్ సొనాటాలు తీసుకోమనండి, 1700లో అచ్చయినవి. బేస్ లైనూ అంకెలూ తప్ప ఎవరో రాసిపెట్టిన కుడిచెయ్యి లేని ఎడిషన్ చూసుకోవాలి. కాలేజీలో వయొలిన్ వాయించే స్నేహితురాలిని వారానికోసారి పిలిచి, నెమ్మదిగా ఉండే భాగాలతో మొదలెట్టాలి, తప్పులొచ్చినా ఆగకూడదు, కుడిచేతిలో మూడు స్వరాలకి మించొద్దు, పెడల్ ముట్టుకోవద్దు. అక్కడ విసుగొస్తే మాస్టర్స్‌కి డబ్బు కట్టకముందే తెలిసిపోతుంది.