‘చట్టం తన పని తాను చేసుకుపోతుంది’: ఈ వాక్యంలో కర్త ఎవరు?

ఇబ్బందికరమైన ప్రశ్న ఎదురైతే చాలు, మైకు ముందు నాయకుల నోట వచ్చే వాక్యం ఇదే. నా అనుమానం వ్యాకరణం దగ్గర మొదలైంది. ప్రాణం లేనివాటికి మనం ఎక్కువగా ‘దాని పని అది’ అంటాం. జ్వరం మాత్ర వేసి మా అమ్మ ‘దాని పని అది చేస్తది, పడుకో’ అంటుంది. చట్టానికి మాత్రం మనిషికి వాడినట్టు ‘తన’, ‘తాను’. పైగా ‘చేస్తుంది’ దగ్గర ఆగరు, ‘చేసుకుపోతుంది’ అంటారు. ఎవరు ఏడ్చినా తల తిప్పకుండా పోతుందన్న ధ్వని. ఇంతకీ ఆ పని మంచిదేనా అని అడిగే చోటే అందులో లేదు. ‘చట్టం ఉంది కాబట్టి సమర్థించాల్సిందే’ అనే వాదన టీవీ చర్చల్లో అంత సులువుగా చెల్లిపోవడానికి ఇలాంటి మాటలూ ఒక కారణమేమో. పెద్దలు చెప్పండి.

సికింద్రాబాద్ సభ్యులు: మాటను మరీ పీకుతున్నావేమో తమ్ముడూ. చట్టం ఎవరికీ చుట్టం కాదని చెప్పడానికే ఆ ‘తాను’. మంత్రి ఫోన్ చేసినా ఆగదన్న భరోసా అది. ఎవరికి వారు ఈ రూల్ బాగుందా లేదా అని తూకం వేస్తూ కూర్చుంటే ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర ఒక్కడూ ఆగడు. (ఇప్పుడు మాత్రం ఎందరు ఆగుతున్నారని అడగకు.)

మొదట అడిగినవారు: సార్, ఆగడం వేరు, సమర్థించడం వేరు. చలానాకు భయపడి హెల్మెట్ పెట్టుకుంటే పాటించినట్టు. ఈ రూల్ ఉండాల్సిందే అంటే సమర్థించినట్టు. అలా అనడానికి నా తల కారణం కావాలి గానీ రూల్ ఉండటం కాదు కదా. మన ఊరి చట్టమే ఒకటి చూడండి. నిజాం పాలనలో, 1329 ఫస్లీలో, అంటే 1919లో హిజ్రాల మీద తెచ్చినది. హైదరాబాద్‌లో వాళ్ల పేర్లు, చిరునామాలతో పోలీసులు రిజిస్టరు పెట్టాలి. అందులో పేరున్నవాళ్లు ఆడవాళ్ల దుస్తుల్లో వీధిలో కనిపించినా, ఆడిపాడినా వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. నిజాం రాజ్యం పోయింది. 1956లో రాష్ట్రం మారింది, 2014లో మళ్లీ మారింది. ఆ చట్టం మాత్రం అలాగే ఉంది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఉండటమే కారణమైతే, ఆ నూరేళ్లలో దాన్ని ఏ రోజు తప్పనగలిగేవాళ్లం? దాని మీద కోర్టుకెక్కినవాళ్లు చట్టాన్ని ధిక్కరించలేదు, చట్టం దారినే వెళ్లారు.

నల్లకుంట సభ్యురాలు: మంచి చట్టాల సంగతి కూడా చూడండి. వితంతు వివాహాలకు 1856లోనే చట్టం వచ్చింది. రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి పెళ్లి చేయించింది 1881 డిసెంబరులో. పాతికేళ్లు! ‘చట్టం ఉందిగా’ అంటే ఎవరూ కదల్లేదు. ఆయన శాస్త్రాల్లోంచే ఆధారాలు తీసి ఉపన్యాసాలిచ్చారు, తిట్లు తిన్నారు, వెలిని భరించారు. ఆ చట్టం తన పని తాను చేసుకుపోయి ఉంటే పంతులుగారికి అంత కష్టమెందుకు?

సికింద్రాబాద్ సభ్యులు: సరేనమ్మా, ఆ పాతికేళ్ల మాట కాదనలేను. సిగ్నల్ విషయంలో మాత్రం నా మాట నాదే. ఇంతకీ తమ్ముడూ, ఆ వాక్యాన్ని ఎలా దిద్దమంటావు?

మొదట అడిగినవారు: కర్తను పెట్టమంటాను సార్. ‘ఫలానా సెక్షన్ కింద ఫలానా అధికారి కేసు పెట్టారు’ అని. అప్పుడు ‘ఎందుకు పెట్టారు’ అని అడగడానికి ఎదురుగా ఒక మనిషి ఉంటాడు.

సికింద్రాబాద్ సభ్యులు: అది జరిగే పని కాదు. సర్వీసంతా మేం ఫైళ్ల మీద రాసింది ‘నిబంధనల మేరకు చర్య తీసుకోబడినది’ అనే. నువ్వు తప్పుపట్టిన నాయకుల వాక్యంలో కర్తగా కనీసం చట్టమైనా ఉంది, మాదాంట్లో అదీ లేదు.