అతిథి చేతిలో వస్తువు పాడైతే అడగాలా, ఊరుకోవాలా?

తుమ్మెద: మిత్రుడి కుటుంబం మా ఇంట్లో ఉండి వెళ్లింది. వాళ్లు వెళ్లాక చూస్తే చెక్క బల్ల మీద గిన్నె అడుగంత వలయం, దాని మీద పూలకుండీ. ఆ కుండీ ఎప్పుడూ కిటికీ దగ్గరే ఉంటుంది. చెప్పకుండా కప్పేసి పోయారు. ఫోన్ చేసి అడగనా?

వడ్రంగిపిట్ట: మచ్చ తెల్లగా ఉందా, నల్లగా ఉందా?

పాతకాపు: బల్ల మీద ఏదైనా పరిచి ఉంచాల్సింది మీరు. చుట్టాలొచ్చే ఇంట్లో వస్తువులు చెక్కుచెదరకూడదంటే ఎలాగండీ? పైగా చెప్పినవాళ్లకు దక్కేదేమిటో నాకు తెలుసు. ఒకరింట్లో మా పిల్లాడు జాడీ పగలగొడితే అప్పటికప్పుడే చెప్పాం. ‘పోనివ్వండి’ అన్న ఆవిడే తర్వాత ఓ పెళ్లిలో పదిమంది ముందు ఆ జాడీ ఊసెత్తింది.

చిటికె: అడగండి. మొహమాటానికి పోతే మనసులో పెట్టుకుంటారు.

వడ్రంగిపిట్ట: తెలుపా నలుపా చెప్పరేం? తెల్లదైతే తేమ పైపూతలోనే చిక్కుకుందని. నల్లదైతే సాధారణంగా నీళ్లు చెక్కలోకి దిగాయని. అప్పుడు పైపూతంతా గీకాల్సి రావచ్చు. అదీకాక నల్లదైతే ఆ కుండీ చెమ్మే కారణం కావచ్చు, పాపం గిన్నెది కాదు.

తుమ్మెద: తెల్లదే! నేనడిగింది బల్ల వైద్యం కాదు. చెప్పకుండా పోవడం గురించి.

వడ్రంగిపిట్ట: తెల్లదైతే పొడి నూలు గుడ్డ పరిచి, ఆవిరి లేకుండా, తక్కువ వేడితో ఇస్త్రీపెట్టె క్షణాల మీద తాకించి తీయండి. ముందు కనబడని మూల చూసుకోండి. పోయే మచ్చకు స్నేహం పోగొట్టుకుంటారా?

పాతకాపు: అదీ మాట. బల్ల ఎక్కువా, మనిషి ఎక్కువా?

తుమ్మెద: ఈ నీతులు నాకే ఎందుకు? అప్పట్లో మా పాప ఈ మిత్రుడి ఇంట్లోనే వాడి ఫోన్ కింద పడేసి తెర పగలగొట్టింది. పడటం వల్ల పగిలితే వారంటీ వర్తించదని వాడే చెప్పాడు. డబ్బు మొత్తం ఆ సాయంత్రమే ఇచ్చాం. వద్దనలేదు, లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు ఎక్కడికి పోయింది స్నేహం?

చిటికె: ఓహో.

పాతకాపు: మీరు ఇచ్చారు, అతను తీసుకున్నాడు. అందులో తప్పేముంది? వద్దంటాడనుకుని ఇచ్చారా ఏం?

తుమ్మెద: వద్దనకపోయినా ఫర్వాలేదు. కనీసం ఒక్కసారి వెనకాడాలిగా.

చిటికె: పాతకాపు గారూ, ఆ జాడీ ఆవిడ డబ్బు అడిగి ఉంటే మీరు ఇచ్చేవారా?

పాతకాపు: ఆనందంగా! ఇచ్చేసి ఉంటే పెళ్లిలో ఆ మాట పడేవాణ్ణి కాదు.

చిటికె: అంటే మీకు బాకీ తీరిపోవాలి. ఈయనకేమో బాకీ అనుకోవడమే అవమానం. ఇంతసేపూ ఒకే విషయం మీద కొట్టుకుంటున్నారనుకున్నా.

వడ్రంగిపిట్ట: తుమ్మెద గారూ, ఇంతకీ ఫోన్ చేసి బల్ల గురించి అడుగుతారా, ఆ డబ్బు గురించా?

తుమ్మెద: నోరు తెరిస్తే రెండూ వస్తాయి.

పాతకాపు: అయితే ఇవాళ చేయకండి.