"మొనగాడు" బిరుదా, తిట్టా?

జూలై 26న కార్గిల్ విజయ్ దివస్‌కి గోడ మీద అంటించడానికి రెండు వాక్యాలు రాసిమ్మన్నారు, ఇక్కడ బరంపురంలో మా వీధివాళ్లు. మేజర్ పద్మపాణి ఆచార్య గురించి. ఒడిశా మూలాలున్న కుటుంబం, ఇల్లు హైదరాబాదులో. అందుకే మా ఊళ్లో రెండు భాషలవాళ్లకీ ఆయన సొంతం. 1999 జూన్ 28న తన కంపెనీని ముందుండి నడిపిస్తూ గాయపడ్డారు. కదల్లేని స్థితిలో కూడా నన్ను వదిలేసి ముందుకు పొండని జవాన్లకు చెప్పి, అక్కడే ప్రాణం వదిలారు. మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు.

నేను "మొనగాడు" అని రాశాను. ఒక పెద్దాయన ఆ మాట కొట్టేశారు. "పోయినాయన్ని పట్టుకుని మొనగాడంటావేంట్రా?" అని.

ఆయన్ననీ ఏం లాభం, ఇప్పుడా మాట వినపడేది "నువ్వేమైనా పెద్ద మొనగాడివా" అనే కొట్లాటల్లోనే. కానీ పాత తెలుగులో మొన అంటే సూది మొన ఒక్కటే కాదు, సైన్యం కూడా, యుద్ధం కూడా. ఆ మొనలో నిలిచేవాడు మొనగాడు. మీరేమంటారు?

పర్లాకిమిడి నుంచి: మాటలకి హోదా పడిపోవడం కొత్తేం కాదండీ. డఫేదారు అంటే గుర్రపు దళంలో హవల్దారుతో సమానం. మనకి మాత్రం కలెక్టరు గారి గది ముందు తలపాగాతో నిలబడే మనిషి. ఇప్పటి నాయిబ్ సుబేదారుని ఒకప్పుడు జమేదారు అనేవారు, హిందీలో ఆ మాట చివరికి చీపురు పట్టేవాళ్లకి చేరింది. సేనాపతి, దళబెహరా అదృష్టవంతులు, ఒడియా ఇంటిపేర్లలో దాక్కుని పరువు కాపాడుకున్నారు. మన దళవాయీ అంతే.

రాయగడ నుంచి: అసలు చిక్కు "గాడు" దగ్గరుంది. ఇది విలుకాడు, వేటకాడుల్లోని "కాడు". మొన పక్కన చేరి "గాడు" అయింది. ఆటగాడు, పాటగాడు అంటే ఎవరికీ కోపం రాదు. మొనగాడు దగ్గరికొచ్చేసరికి "రాముగాడు" గుర్తొస్తాడు. పైగా దాని పక్కన "గారు" పెట్టి చూడండి, నవ్వొస్తుంది. మీ పెద్దాయన చెవి తప్పు కాదు.

మళ్లీ నేను: కాడు సంగతి నాకు తట్టలేదు, బాగుంది. అయినా నా మొండితనం నాది. లెఫ్టినెంట్ అనే ఫ్రెంచి మాటకి అర్థం ఇంకొకరి బదులు నిలబడేవాడని. కెప్టెన్ పుట్టింది తల అనే లాటిన్ మాట నుంచి. ఇవి ఎవరి కింద ఎవరో చెబుతాయి. మొనగాడు ఎక్కడ నిలబడ్డాడో చెబుతుంది, అధికారులు ఎందుకు పోతారో కూడా అందులోనే ఉంది. 2020 జూన్‌లో గల్వాన్‌లో పోయిన 20 మందిలో 16వ బిహార్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసరు, సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు ఉన్నారు, మా ఒడిశా మయూర్‌భంజ్‌కి చెందిన నాయిబ్ సుబేదారు నుదురామ్ సోరెన్ ఉన్నారు. ఒకే దళం, మధ్యలో ఎన్నో మెట్లు. ఇద్దరికీ సరిపోయే తెలుగు మాట ఇంకోటి నాకు దొరకడం లేదు.

గోడ మీద చివరికి "మొనలో నిలిచిన వీరుడు" అని పడింది. పెద్దాయన దానికి ఒప్పుకున్నారు.