అడ్మిషన్ల కోసం తండాలు తిరిగే పనిని వర్క్‌లోడ్‌లో ఎలా రాయించుకోవాలి?

నల్గొండలో ఒక ప్రైవేట్ కాలేజీలో సోషియాలజీ చెబుతాను. లంబాడీని. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన, నాకు 22. పైగా ఏప్రిల్ నుంచి జూన్ దాకా దేవరకొండ వైపు తండాలకు వెళ్లి 40 అడ్మిషన్లు తేవాలి, మిగతా లెక్చరర్లకు 15 చాలట. "మీవాళ్లే కదా, నీ మాట వింటారు" అంటారు. మా లంబాడీల భాష గోర్ బోలి పాటల మీద నా పీహెచ్‌డీ రెండేళ్లుగా ఆగింది. పాటలు రికార్డు చేయాల్సిన తండాల్లోనే ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి చెప్పి వస్తున్నా.

హెచ్‌ఓడీకి రెండుసార్లు చెప్పాను. జూలై 8న ప్రిన్సిపాల్‌కు మెయిల్ పెడితే నోటిమాటే జవాబు: "ఇది రాసిచ్చేది కాదు." టార్గెట్ తగ్గించమంటే కాంట్రాక్ట్ రెన్యువల్ సంగతి ఎత్తారు, అదే టెన్షన్.

ఉద్యోగం పోకుండా, ఈ పని గంటలను వర్క్‌లోడ్‌లో రాతపూర్వకంగా చేర్పించుకున్నవాళ్లు ఎవరికి, ఏమని రాశారు?